చంద్రాపూర్ నుంచి షోలాపూర్‌కు గంట

షోలాపూర్,
9 జూలై 2025

తమ్ముడు నాగేశ్వర్‌కు అక్క కుసుమాంబ దీవెనలు.

నేను బాగున్నాను. మోకాళ్ళు బాగాలేవు, వాటి సంగతి వాటిదే. అరుంధతిని అడిగానని చెప్పు. నీ గొట్టాల దుకాణం ఎలా నడుస్తోంది? వానలు మొదలైతే మోటార్లు కొనేవాళ్ళు ఉండరు కాబట్టి, నా ఉత్తరం చదివే తీరిక నీకు ఉంటుందనుకుంటున్నాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకోకు. నా ఫోను పాడై నెలయింది. ఇప్పుడు ఏ ఫోనొచ్చినా మా గౌరవ్ చేతికే వస్తుంది. ఈ సంగతి వాడి చెవిన పడకుండా మాట్లాడాలి. వాడికి ఇది ససేమిరా ఇష్టం లేదు. "ఈ వయసుల నీకిది అవసరమా అమ్మా?" అని పెద్ద గొడవ చేశాడు. కోడలు ప్రతిభ ఏమీ అనదు, గిన్నెలు మాత్రం గట్టిగా తోముతుంది.

విషయమేమిటంటే, ఆగస్టు ఇరవై అయిదు సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసులో నా పని ఒకటుంది. సాక్షి సంతకం కావాలి. సంతకానికి ఎవరైనా దొరుకుతారు. కానీ పుట్టింటి వైపు నుంచి ఒక్క మనిషైనా నా పక్కన నిలబడాలని నా ఆశ. మీ బావ పోయి తొమ్మిదేళ్ళు. కింద గదిలో నేను, మేడ మీద వాళ్ళు. పలకరించే దిక్కులేక గోడ గడియారంతో మాట్లాడే స్థితికొచ్చాను. అదీ తప్పు టైమే చెబుతుంది. ఇన్నాళ్ళకు నాకంటూ ఒక నీడ దొరికింది. ఇంతకంటే విప్పి రాయడానికి తమ్ముడి ముందు సిగ్గేస్తోంది.

"సిరొంచ నుంచి షోలాపూర్ ఏమన్న దగ్గరా అక్కా" అని ఎనిమిదేళ్ళుగా అంటున్నావు. ఈసారి ఆ మాట రాయకు.

నీ రాకకు చూసే అక్క,
కుసుమ

*

సిరొంచ,
17 జూలై 2025

అక్కకు నాగేశ్వర్ దండాలు.

నీ ఉత్తరం అందింది. ఈసారి ఆ మాట రాయను. ఎందుకంటే షోలాపూర్ దగ్గరైపోయింది!

నిన్న దుకాణంలో ఈగలు తోలుకుంటూ ఫోనులో చూశాను. మనకు దగ్గరలో ఉన్న చంద్రాపూర్ విమానాశ్రయం నుంచి షోలాపూర్ విమానాశ్రయం ఎంత దూరమని అడిగితే, నాలుగు వందల కిలోమీటర్ల పైన, విమాన ప్రయాణం గంట అని చూపించింది. గంట అక్కా! నేను పొద్దున గడ్డం గీసుకుని స్నానం చేసి బయటికి రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇన్నేళ్ళూ మంచిర్యాల పోవాలి, రైలెక్కాలి, సికింద్రాబాదులో మారాలి అని నిన్నూ పరేషాన్ చేశాను, నేనూ అయ్యాను.

మా ఐలన్నకు చూపించాను. పక్క దుకాణం ఐలన్న నీకు గుర్తుండే ఉంటాడు. వాడు కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అరే నాగేశ్వర్, పొద్దుగాల పోయి సాయంత్రం వరకు అక్క చేతి చాయ్ తాగి రావచ్చు గదరా!" అన్నాడు. సాయంత్రానికి బజారంతా తెలిసిపోయింది. సిరొంచలో ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడు విమానమెక్కుతున్నాడని జనం దుకాణానికి వచ్చి మరీ చూసిపోతున్నారు. ఒక్కరూ గొట్టం మాత్రం కొనలేదు. నేను సఫారీ సూటు కుట్టించడానికిచ్చాను.

నీ పని సంగతి. గౌరవ్ మాట పట్టించుకోకు. నీకంటూ ఒకటుంటే తప్పేమీ లేదు. కానీ వ్యాపారిగా నాలుగు ముక్కలు చెబుతాను. నీ వయసులో చూసుకుంటున్నావు కాబట్టి పాతదే అయి ఉంటుంది. పాతదైతే తొందరపడకు. ఇంతకుముందు ఎవరి చేతిలో ఉండిందో కనుక్కో. పాత హక్కుదారులు ఎవరైనా తర్వాత వచ్చి అడ్డం పడతారేమో చూసుకో. అన్నిటికంటే ముఖ్యం, పైన రంగు చూసి మోసపోకు. ఈ రోజుల్లో లోపల ఎంత పాడైనా పైన రంగేసి కొత్తదానిలా నిలబెడతారు. ఒక వానాకాలం గడిస్తే అసలు గుట్టు బయటపడుతుంది.

ఇరవై నాలుగున విమానంలో దిగుతాను. ఎవరినీ పంపకు, గంట ప్రయాణానికి ఆర్భాటమెందుకు?

గాలిలో తేలుతున్న తమ్ముడు,
నాగేశ్వర్

*

షోలాపూర్,
24 జూలై 2025

బంగారు తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నవ్వాను. తర్వాత ఆదయ్య గారికి చదివి వినిపించాను. ఆయన కూడా నవ్వారు, కాకపోతే రంగు దగ్గరకొచ్చేసరికి గొంతు సవరించుకున్నారు. ఆ రంగు మాట నువ్వక్కడ కూర్చుని ఎలా పసిగట్టావురా? వేస్తారు, నెలకోసారి. నేనే మానెయ్యమన్నాను. ఇప్పుడు సగం తెలుపు, సగం నలుపు, మా వీధి పిల్లిలా ఉన్నారు.

నువ్వు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావని నేననుకోలేదు. అరవై నాలుగేళ్ళ విధవకు పెళ్ళేమిటని నువ్వు కూడా తిడతావని భయపడ్డాను. అందుకే పోయినసారి పేరు కూడా రాయలేదు. ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. ఆదయ్య గారు మనవాళ్ళే, వాళ్ళ తాతలు కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి ఇక్కడికొచ్చారు. బడిలో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి పన్నెండేళ్ళు. నువ్వడిగిన పాత హక్కుదారు ఒక్క కూతురే, పుణేలో ఉంటుంది. "నాన్నకు తోడు దొరికితే నాకే నిశ్చింత" అంది.

ఎలా పరిచయమంటావా? పొద్దున పార్కులో ముసలివాళ్ళతో ఆయన కసరత్తు చేయిస్తారు. అందరూ కుడి చెయ్యి ఎత్తితే నేను ఎడమ చెయ్యి ఎత్తుతాను. మూడు నెలలు విజిల్ వేసి వేసి విసిగిపోయి, చివరికి ఆయనే నాతోపాటు ఎడమ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టారు. అప్పుడే నాకు అర్థమైంది.

నువ్వు విమానంలో వస్తున్నావని వీధంతా చెప్పాను. పక్కింటి సోనుబాయి హారతి పళ్ళెం తోమి పెట్టింది. ఎవరినీ పంపవద్దన్నావు గానీ ఆదయ్య గారు వింటారా? హోట్గీ రోడ్డు విమానాశ్రయానికి దండ పట్టుకుని వస్తానన్నారు. విజిల్ మాత్రం తేవద్దని చెప్పాను.

పుట్టిల్లు ఉందని ధైర్యం తెచ్చుకున్న అక్క,
కుసుమ

*

సిరొంచ,
2 ఆగస్టు 2025

అక్కకు దండాలు.

నువ్వు రాశావో లేదో తెలియదు. వారం రోజులుగా వాగులు పొంగి బస్సులు లేవు, టపా లేదు. మొన్న ఒక్కరోజు దారి తెరుచుకుంటే చంద్రాపూర్ పోయి వచ్చాను. ఆ కథ ఇతరుల నోట వినేకంటే నా నోటే వింటే నయం.

టికెట్టు ముందే తీసుకుందామని సఫారీ సూటు వేసుకుని ఐలన్నను వెంటబెట్టుకుని బయల్దేరాను. రేగుంట వైపు దాటేలోపే సూటు ఇస్త్రీ పోయింది. ఆలపల్లి చేరేసరికి నడుము పోయింది. ఆష్టి వంతెన మీద వైనగంగ నిండుగా పోతుంటే ఐలన్న, "పైనుంచి చూస్తే ఇంక మస్తుగుంటదిరా" అన్నాడు. ఆ మాటతో నడుము నొప్పి మరిచిపోయాను. చూడు, నా తెలివి అంతంత మాత్రమే.

చంద్రాపూర్‌లో ఆటోవాణ్ణి విమానాశ్రయానికి పొమ్మంటే, మమ్మల్ని పైనుంచి కిందికి చూసి ఊరి బయట ఒక గేటు ముందు దింపాడు. లోపల ఒక పొడుగాటి తారు దారి. దానికి రెండు పక్కలా గడ్డి. ఒక కాపలా ముసలాయన స్టూలు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"షోలాపూర్ విమానం టికెట్ యాడ ఇస్తరు?" అని అడిగాను.

ఆయన పల్లీ నోట్లో వేసుకోవడం ఆపి, "ఎన్ని టికెట్లు?" అన్నాడు.

"ఒక్కటే."

"ఒక్కనికి విమానం రాదు సేటూ. ఇద్దరికి గూడ రాదు. ఎప్పుడన్న పెద్దసార్లు ఒస్తే దిగుతది, మల్ల పోతది. నేను ఇన్నేండ్ల సంది ఈడనే ఉన్న, నన్నే ఎక్కించుకోలే!"

ఐలన్న అక్కడే గడ్డి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు, సిరొంచ దాకా ఆపలేదు. చంద్రాపూర్‌లో కాలేజీ చదివే మా దీపశ్రీ విని తల పట్టుకుంది. "నాయినా, అది మ్యాప్ మీద రెండు ఊర్ల నడుమ గీత గీసి కొలిచిన లెక్క. విమానం ఉంటే గంట పడుతదని దానర్థం. ఉంటే!" అంది. అంటే నా కూతురు పరీక్ష రాసిందా లేదా అని అడగకుండా, రాస్తే ఎన్ని మార్కులొస్తాయో ఆ ఫోను చెప్పినట్టన్నమాట. బజారులో ఇప్పుడు నా పేరు పైలట్ సేటు. పిల్లలు దుకాణం ముందు చేతులు చాపుకుని తిరుగుతున్నారు.

అందుకని అక్కా, నేను రాలేను. ఆలపల్లి రోడ్డు నా నడుమును రెండు ముక్కలు చేసింది. అరుంధతి రోజూ వేడినీళ్ళ కాపడం పెడుతూ తిడుతోంది. సంతకమే కదా, పక్కింటివాళ్ళు ఎవరు పెట్టినా చెల్లుతుంది. ఇంకో మాట. పడుకుని పడుకుని ఆలోచిస్తే, కొడుకు మనసు విరిచి ఈ వయసులో ఇంత పాతదాన్ని నెత్తికెత్తుకోవడం నీకు అవసరమా అనిపిస్తోంది. రేపు మరమ్మతులన్నీ నీ ప్రాణం మీదికే వస్తాయి. ఇంకోసారి ఆలోచించు.

నేలమీద పడ్డ తమ్ముడు,
నాగేశ్వర్

*

షోలాపూర్,
9 ఆగస్టు 2025

నాగేశ్వర్‌కు,

నీ ఉత్తరం అందింది. అర్థమైంది.

రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. దానికి ఇంత పెద్ద విమానం కథ అల్లనక్కరలేదు. ముందు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, మధ్యలో గౌరవ్‌తో మాట్లాడినట్టున్నావు. వాడి మాటలే నీ కలంలోంచి వచ్చాయి. ఆదయ్య గారిని పాత సరుకన్నావు. నేను కూడా పాతదాన్నే తమ్ముడూ. మరమ్మతులు ఇద్దరికీ ఉన్నాయి. ఒకరివి ఒకరం చూసుకుందామనే కదా ఈ పెళ్ళి.

ఆ ఉత్తరం ఆయనకు చూపించలేదు. నీకు నడుము నొప్పని మాత్రం చెప్పాను. నీకు పంపమని ఏదో నూనె తెచ్చిచ్చారు. పంపడం లేదు.

సోనుబాయి సంతకం పెడుతుంది. నువ్వు కష్టపడవద్దు.

కుసుమాంబ

*

సిరొంచ,
17 ఆగస్టు 2025

అక్కా, అక్కా, అక్కా,

నీ తమ్ముడు గాడిద. ఆ మాట ముందు రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి వచ్చాయి. జూలైలో రాసింది వరదల్లో ఎక్కడో ఆగిపోయి, తడిసి, ఉబ్బి వచ్చింది. పోస్టుమ్యాన్ ఇవ్వగానే పైనున్న చిన్న ఉత్తరం ముందు చదివాను. "పెళ్ళి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎవరి పెళ్ళి? తర్వాత తడిసింది విప్పి చదివాను. చదివి అక్కడే పైపుల కట్ట మీద కూర్చుండిపోయాను.

నేను ఇల్లనుకున్నాను అక్కా! నువ్వు రిజిస్ట్రార్ ఆఫీసన్నావు, సాక్షి సంతకమన్నావు, నీడ అన్నావు. గౌరవ్‌కు తెలియకుండా పాత ఇల్లు కొనుక్కుంటున్నావనుకున్నాను. ఆ రంగు గోడల రంగు. ఆ పాత హక్కుదారులు ఇంటి హక్కుదారులు. నేను పెద్ద వ్యాపారినని రాసిన సలహాలన్నీ ఒక పెద్దమనిషి తలవెంట్రుకలకు పోయి తగిలాయి. ఆయన ముఖం ఎలా చూడను?

ఇంకా ఉంది. పోయిన వారం గౌరవ్ ఫోను చేశాడు. "మామా, నువ్వు ఒస్తున్నవని వీధంత అంటున్నరు. జర ఆపు" అన్నాడు. నేను ఇంకా ఇంటి మీదే ఉన్నాను. ఉత్తరంలో వద్దని రాసినా, కొడుకై ఉండి వీడు తల్లిని ఆపడమేమిటని కోపమొచ్చి, "అరే, ఉండనీరా మీ అమ్మకు ఒకటి! ఆమె తర్వాత నీకే కదా ఒచ్చేది!" అన్నాను. వాడు టక్కున ఫోను పెట్టేశాడు. పాపం, వాడు ఆ మాటను ఏమని అర్థం చేసుకున్నాడో తలుచుకుంటే నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

అరుంధతికి ఉత్తరాలు చదివి వినిపించాను. ఆమె నెత్తి కొట్టుకుంది. "ఇల్లు కొనేటందుకు ఎవలన్న సిగ్గుపడతరా? సిగ్గేస్తుందని రాసినప్పుడే నీకు సమజ్ కావాలె!" అంది.

నీకు అబద్ధం రాయను. సంగతి తెలిసిన మొదటి పూట నాకు నచ్చలేదు. బజారేమంటుంది, కులపోళ్ళేమంటారు అన్నాను. అరుంధతి బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అడిగింది: "వదిన ఒక్కతే ఉన్న తొమ్మిదేండ్లల్ల ఈ బజారు ఎన్నడన్న పోయి ఎట్లున్నవని మందలించిందా? బజారు సంగతి ఇడిసిపెట్టు, నువ్వు పోయినవా?" నేను రోడ్డు గురించి చెప్పబోయాను. ఆమె చేట కింద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపుకు నా నడుము నొప్పి దానంతటదే తగ్గింది.

ఇరవై రెండున బయల్దేరుతున్నాను. ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల, అక్కడి నుంచి రైలు. గంటలో కాదు, రెండు రోజులు పట్టనీ. సోనుబాయిని సంతకం పెట్టవద్దను. ఒకవేళ నీకు నా మీద కోపం పోకపోతే గేటు బయటే నిలబడతాను. కానీ వస్తాను. ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను. అది నాకంటే ముందు చేరితే అదృష్టం.

నీ బుద్ధిలేని తమ్ముడు,
నాగేశ్వర్

తా.క. ఆ నూనె ఉంచు.

*

షోలాపూర్,
29 ఆగస్టు 2025

తమ్ముడికీ మరదలికీ అక్క దీవెనలు. ఆదయ్య గారి దీవెనలు కూడా. ఇప్పుడు జంటగా రాసుకోవచ్చు కదా.

క్షేమంగా చేరావా? నువ్వు పోయిన దగ్గర నుంచి ఇల్లు బోసిగా ఉంది. ఆయన చేసిన చాయ్ నీకు నచ్చిందో లేదో అని మూడుసార్లు అడిగారు. నచ్చిందనే చెప్పాను. కొత్త కాపురం అబద్ధంతోనే మొదలైంది.

స్టేషనులో నిన్ను చూడగానే నా కోపం ఎటుపోయిందో తెలియదు. నలిగిన సఫారీ సూటులో, చంకలో పచ్చడి జాడీతో దిగావు. ఆదయ్య గారు దండ వేయబోతే నువ్వు వంగి ఆయన తల మీద వెంట్రుకలు చూశావు చూడు, ఆయన గమనించారు. "చూసుకోండి, ఇప్పుడు రంగు లేదు" అన్నారు. మీరిద్దరూ ప్లాట్‌ఫారం మీద ఒకరినొకరు పట్టుకుని నవ్వుతుంటే కూలీలు దారి లేక ఆగిపోయారు.

ఆఫీసులో గుమాస్తా, "పెళ్ళికూతురికి మీరేమవుతారు?" అని మరాఠీలో అడిగితే, నువ్వు ఛాతీ పొంగించి, "ధాకటా భావు" అన్నావు. తమ్ముడు అన్న మాటే కదా అది. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు వింటే నా చేతిలో కలం ఆగిపోయింది. సంతకం వంకర పోయింది. సరిగ్గా అప్పుడే నువ్వు "బావా, మీరు గూడ వంకరగనే పెట్టుండ్రి, జోడీ కుదురుతది" అన్నావు. ఆయన్ను నువ్వు బావా అనడం అదే మొదటిసారి. రాత్రి దాకా ఆ మాటే చెప్పుకుని మురిసిపోయారు.

ఒక్కటి మాత్రం అడగాలి. సంతకాలు మొదలయ్యే ముందు, చాయ్ తాగి వస్తానని బయటికి పోయి అంతసేపు ఎక్కడికి మాయమయ్యావు? గుమాస్తా రెండుసార్లు పేరు పిలిచాడు. తిరిగి వచ్చినప్పుడు నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే మిరపకాయ బజ్జీ కారమన్నావు. అక్కడ మిరపకాయ బజ్జీ అమ్మరు.

గౌరవ్ ఇంకా మాట్లాడటం లేదు. నేను ఆదయ్య గారింటికి వచ్చేసేటప్పుడు ప్రతిభ మెట్ల దాకా వచ్చి నా సంచీ అందించింది. వాడు కిందికి దిగలేదు. దిగుతాడని చూశాను.

నీ అక్క,
కుసుమ

*

సిరొంచ,
5 సెప్టెంబరు 2025

అక్కకూ బావకూ నాగేశ్వర్, అరుంధతి దండాలు.

క్షేమంగానే చేరాను. రైలులో పక్కసీటాయన ఎందుకు పోయి వస్తున్నారని అడిగితే, "మా అక్క పెండ్లికి" అన్నాను. ఆయన నా తెల్లజుట్టు చూసి, తప్పు విన్నాననుకుని ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాను, ఇంకొంచెం గట్టిగా. బజారులో కూడా అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నేనే చెబుతున్నాను. పెద్దవాళ్ళు ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు. ఐలన్న మాత్రం దుకాణం మూసి స్వీట్లు తెచ్చి పంచాడు.

నువ్వడిగినదానికి జవాబు రాస్తాను. చెప్పవద్దని గౌరవ్ నన్నడిగాడు. సరేనన్నాను. కానీ నా కడుపులో మాట దాగదని నీకు తెలుసు.

నేను చాయ్‌కి బయటికి వచ్చేసరికి రోడ్డుకు అవతల, తన బండి పక్కన గౌరవ్ నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. దగ్గరికి పోయాను. పెద్ద మాటలు చెప్పే ముఖం నాకెక్కడిది? "ఆకలైతుందిరా, ఏమన్న తినిపియ్" అన్నాను. ఇద్దరం నిలబడి అటుకుల పోహా తీసుకున్నాము. వాడు చెంచాతో కలపడమే గానీ తినలేదు.

కొంచెంసేపటికి, "లోపల ఎవరెవరున్నరు మామా?" అన్నాడు. చెప్పాను. చెంచా తిప్పుతూనే, "అమ్మ ఏ చీర కట్టింది?" అన్నాడు.

"నాకు రంగులు తెలుస్తయా? పచ్చదో, నీలమో. అంచు పెద్దగుంది" అన్నాను.

"నెమలి రంగుదా?"

"అదే అనుకుంట."

వాడు ప్లేటు కింద పెట్టాడు. "నా మొదటి జీతంతోని కొన్న. నాయిన పోయినంక ఎన్నడు కట్టలే. నేను ఎన్నిసార్లు అడిగినా కట్టలే" అన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాను. అంతపెద్దవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీకు తెలుసు కదా, ఎవరు ఏడ్చినా నేను ఊరుకోలేను. అదీ నా మిరపకాయ బజ్జీ కథ.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. కానీ మీరు బయటికొచ్చి మెట్ల మీద ఫొటో దిగుతున్నప్పుడు, గేటు దగ్గర గుంపులో వెనకాల నిలబడి చూశాడు. నువ్వు బావ చెవిలో ఏదో చెప్పి నవ్వుతున్నావు. నేను వాడి దగ్గరికి పోయాను, వాడు నిన్నే చూస్తున్నాడు. "అమ్మ గిట్ల నవ్వంగ చూసి ఎన్ని దినాలైందో" అని నాతో అని, బండెక్కి వెళ్ళిపోయాడు.

నిన్న వాడికి ఫోను చేశాను. ఆదివారం పోయి కలవరా అంటే, "చూస్త మామా" అన్నాడు. చూస్తానన్నాడంటే రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఏమీ అడగకు. పోహా ఆ రోజు వాడు తినలేదు కాబట్టి కడుపునిండా అన్నం పెట్టు. ఆ చీర కట్టుకో.

మీ
నాగేశ్వర్